డిస్కు వెన్ను మీద నంబరు చూసి సినిమా కొనవచ్చా?

సినిమా డిస్కులు పోగుచేసేవారి ఇళ్లలో ఒక అమరిక తరచుగా కనిపిస్తుంది. హాల్లో, వచ్చినవాళ్ల కంటపడే అరలో విదేశీ కంపెనీల బ్లూరేలు ఒకే ఎత్తులో, వెన్ను మీద (డబ్బా పక్క అంచున) కంపెనీ వేసిన వరస నంబర్లతో నిలబడి ఉంటాయి. టీవీ కింది సొరుగులో మాత్రం అట్ట చిరిగి, గీతలు పడ్డ తెలుగు డీవీడీలు. డబ్బు పోయింది పై అర మీద. సాయంత్రాలు గడిచింది సొరుగుతో. పై అరలో కొన్నిటికి ప్లాస్టిక్ చుట్టు ఇంకా విప్పనేలేదన్న సంగతి ఆ ఇంట్లోవాళ్లకే తెలుసు.

ఇందులో పేరున్న కంపెనీల తప్పేమీ లేదు. వాళ్ల పనితనం గట్టిదే. డిస్కు కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఈ సినిమా మనకు కావాలా? కావాలనుకుంటే ఏ డిస్కు కొనాలి? కంపెనీ పేరు చెప్పగలిగేది రెండోదానికి మాత్రమే. మొదటి ప్రశ్నకు కూడా దాన్నే జవాబనుకుంటే అలమర నిండుతుంది గానీ సినిమా చూడటం పెరగదు. విశాఖపట్నంలో ఉండి కొనేవారికి ఈ పొరపాటు మరికాస్త ఖరీదు: పార్సిల్ దూరం నుంచి రావాలి, వచ్చినది ఇక్కడి ప్లేయర్‌లో తిరగాలి, తిరిగాక ఈ ఉప్పుగాలిలో నిలవాలి.

నంబరు ఎలా పడుతుంది

ఈ తరహా కంపెనీల్లో పెద్దపేరు అమెరికాలోని క్రైటీరియన్ కలెక్షన్‌ది. 1984లో లేజర్‌డిస్కులతో (డీవీడీకి ముందు వచ్చిన పెద్ద సినిమా డిస్కులు) మొదలైంది. మొదటి రెండూ ‘సిటిజన్ కేన్’, ‘కింగ్ కాంగ్’. 1998లో డీవీడీకి, 2008లో బ్లూరేకి, 2021లో బ్లూరేకి నాలుగింతలు వివరం పట్టే 4కే డిస్కుకి మారింది. సినిమా వెనక దర్శకుడో విమర్శకుడో మాట్లాడే వ్యాఖ్యాన ట్రాకు, వ్యాసాల పుస్తకం, తీసిన కొలతలోనే బొమ్మ చూపడం: వీటిని ఒక అలవాటుగా మార్చింది ఆ సంస్థే. బ్రిటన్‌లో యురేకా వారి మాస్టర్స్ ఆఫ్ సినిమా, యారో, సెకండ్ రన్, బీఎఫ్ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్), ఈమధ్య వచ్చిన రేడియన్స్ కొంచెం అటూఇటూగా అదే దారిలో నడుస్తున్నాయి.

క్రైటీరియన్ డిస్కుల వెన్ను మీది నంబర్ల వరసను చాలామంది ప్రపంచ సినిమా ర్యాంకుల జాబితాలా చదువుతారు. అది తయారయ్యే తీరు వేరు. ఒక సినిమాకు నంబరు పడాలంటే హక్కులు ఎవరివో తేలి వాళ్లు లైసెన్సు ఇవ్వాలి. డిస్కు చేయడానికి తగిన నెగెటివో, మంచి ప్రింటో, పూర్తయిన డిజిటల్ మాస్టరో (డిస్కులన్నిటికీ ఆధారమయ్యే మూల ప్రతి) దొరకాలి. దాన్ని అక్కడ కొనేవాళ్లు ఉండాలి. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా ఎంత గొప్ప సినిమాకైనా నంబరు రాదు. మూడూ కుదిరితే గ్రహశకలాన్ని బాంబు పెట్టి పేల్చే ‘ఆర్మగెడాన్’కి కూడా 40వ నంబరు పడింది. (ముఖం చిట్లించాల్సిన పనేమీ లేదు. ఆ సినిమా ఇష్టమైనవాళ్లకి అది నికార్సయిన డిస్కు.) లైసెన్సు గడువు తీరితే అదే సంస్థ అదే సినిమా అమ్మకం ఆపేస్తుంది. అప్పుడు పాత డిస్కు ధర పైకి లేస్తుంది. సినిమా మాత్రం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. ఆ జాబితాలో నల్లజాతి అమెరికన్ దర్శకులు ఎంత తక్కువో 2020లో న్యూయార్క్ టైమ్స్ లెక్క తీసి చూపించాక, ఎంపికలో లోటుందని సంస్థే ఒప్పుకోవాల్సి వచ్చింది.

మన సినిమాకి ఆ కిటికీ ఇంకా ఇరుకు. సత్యజిత్ రాయ్ సినిమాలు చాలానే ఉన్నాయి, మీరా నాయర్ ‘మాన్‌సూన్ వెడ్డింగ్’ ఉంది. పాటలు, ఇంటర్వెల్, రెండున్నర గంటల పైచిలుకు నిడివి ఉన్న దక్షిణాది జనరంజక సినిమా దాదాపు లేనట్టే. యోగ్యత చూసి పక్కన పెట్టారనుకోనక్కర్లేదు. పాత తెలుగు సినిమా హక్కులు నిర్మాత వారసుల దగ్గర కొంత, టీవీ చానెల్ దగ్గర కొంత, వీడియో కంపెనీ దగ్గర కొంతగా చీలిపోయి ఉంటాయి. నెగెటివ్ ఏ స్థితిలో ఉందో చెప్పేవారు దొరకడమే కష్టం. అంచేత తెలుగు సినిమాలతో పెరిగిన మనిషి నంబర్లు చూసి కొనడం మొదలెడితే, తాను పెరిగిన సినిమాలే ముందుగా అరలోంచి జారిపోతాయి. ఎవరూ తీసేయరు, అసలు చేరవు అంతే.

పార్సిల్ నింపే సినిమాలు

క్రైటీరియన్ బ్లూరే అట్ట మీది ధర 39.95 డాలర్లు, 4కే సెట్టు 49.95. అమెరికాలోని బార్న్స్ అండ్ నోబుల్ దుకాణం ఏటా జూలైలో, నవంబరులో వీటిని సగం ధరకు ఇస్తుంది. కంపెనీ కూడా అప్పుడప్పుడు ఒక్కరోజు సగం ధర అమ్మకం పెడుతుంది. అంటే బ్లూరే 20 డాలర్లకు వస్తుందన్నమాట. ఒక్క డిస్కు తెప్పిస్తే రవాణా ఖర్చు డిస్కు ధరతో పోటీపడుతుంది కాబట్టి ఐదారు కలిపి తెప్పించడం రివాజు. కొనేవారికి నిజంగా కావాల్సినవి రెండే ఉంటాయి. మిగతా మూడో నాలుగో పార్సిల్ నింపడానికి వచ్చినవి, వాటిని ఎంచేది కంపెనీ పేరే. ప్లాస్టిక్ చుట్టు విప్పని డిస్కుల్లో పెద్ద భాగం ఇలా చేరినదే.

ఇందులో లాభం అనుకునేది కూడా పూర్తిగా లాభం కాదు. కస్టమ్స్ సుంకం లెక్కేసేది సరుకు ధర ఒక్కదాని మీదే కాదు, రవాణా కూడా కలిపిన విలువ మీద. పైన కొరియర్ వాళ్ల నిర్వహణ రుసుము. నింపుడు డిస్కు వల్ల రవాణాలో మిగిలిందనుకున్నదాంట్లో కొంత సుంకంగా తిరిగి పోతుంది. కావాల్సిన రెండింటి కోసం ఆగి, వాటికి తోడు మరో రెండు నిజంగా కావాల్సినవి జాబితాలో చేరాక తెప్పించడం మేలు.

చూడకుండా కొనడానికి ఇంకో కారణం ఉంది. క్రైటీరియన్ వారి సొంత స్ట్రీమింగ్ సేవ అమెరికా, కెనడాలకే పరిమితం. ముందు చూసి తర్వాత కొనే వీలు ఇక్కడివారికి అటువైపు లేదు. ముబి లాంటి స్ట్రీమింగ్ సేవలు మన దేశంలో ఉన్నాయి గనక కొన్నిటిని అక్కడ పరీక్షించుకోవచ్చు. ఒక్కసారైనా చూడని సినిమాని డిస్కుగా కొనకపోవడమన్న నియమం కఠినంగా అనిపిస్తుంది గానీ, ఒక మినహాయింపుతో అది బాగానే పనిచేస్తుంది: ఇప్పటికే రెండు మూడు సినిమాలు నచ్చిన దర్శకుడిదో, ఛాయాగ్రాహకుడిదో అయితే చూడకుండా కొన్నా నష్టం తక్కువ.

సొంత ఇష్టం ఏమిటో తెలుసుకోవడం అనుకున్నంత తేలిక కాదు. అడిగితే చెప్పే పేర్లు వేరు, చూసే పేర్లు వేరు. దీనికొక పద్ధతి ఉంది. అలమర వైపు చూడకుండా కాగితం మీద, ఈ మూడు నాలుగేళ్లలో మొదటి నుంచి చివరిదాకా రెండోసారి చూసిన సినిమాలు మాత్రమే రాయాలి. టీవీలో మధ్యలో తగిలినవి లెక్కలోకి రావు. జాబితా పాతిక పేర్లు దాటడం అరుదు, చూడటానికి గజిబిజిగా ఉంటుంది: ఒక హాస్యచిత్రం, రెండు పౌరాణికాలు, ఒక జపాన్ సినిమా, అందరూ మరిచిపోయిన ఒక ఫ్లాపు. గౌరవంగా కనబడదు. కానీ కాసేపు చూస్తే అందులో ఒక దారం దొరుకుతుంది. ఒకే మాటల రచయిత కావచ్చు, ఒకే సంగీత దర్శకుడి ఒకానొక దశ కావచ్చు, సముద్రం ఒడ్డున జరిగే కథలు కావచ్చు. ఇక కొనాల్సింది ఆ దారం వెంట.

విశాఖవాసికి దీనికి తేలికైన ఉదాహరణ ఉంది. కె. బాలచందర్ ‘మరో చరిత్ర’ 1978లో వచ్చింది, నలుపు తెలుపులో. విశాఖ, భీమిలి తీరాల్లో తీశారు. ఆనాటి ఇసుక, ఆనాటి రోడ్లు, ఇప్పుడు గుర్తుపట్టలేని ఒడ్డు అందులో ఉన్నాయి. ఏ విదేశీ నంబరూ ఆ సినిమాని ఈ ఊరివాళ్లకు ఇంతకన్నా దగ్గర చేయలేదు, నంబరు లేకపోవడం దూరమూ చేయదు. ఇలాంటి సినిమాకి మంచి డిస్కు వెతకడం మాత్రం నంబరున్న సినిమా కొనడం కన్నా కష్టం. దాని సంగతికి వచ్చేముందు, పేరున్న కంపెనీ నిజంగా పనికొచ్చే చోటేదో చూడాలి.

పేరు దేనికి హామీ

రాయ్ ‘అపు’ చిత్రత్రయం దీనికి మంచి నిదర్శనం. 1993లో లండన్‌లోని ల్యాబులో అగ్నిప్రమాదం జరిగి ఆయన సినిమాల నెగెటివ్‌లు కాలిపోయాయి. కాలి బిగుసుకుపోయిన రీళ్లను పారేయకుండా దాచారు. చాలా ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యాలో వాటికి మళ్లీ తేమ పట్టించి, విడదీసి, చిల్లులు అతికి, ఫ్రేము ఫ్రేమూ స్కాన్ చేశారు. పనికిరాని భాగాలకు ఇతర ప్రతులను వాడారు. 2015లో క్రైటీరియన్ తెచ్చిన ఆ సెట్టులో చెల్లించిన ధర అట్టపెట్టెకు కాదు, ఆ చాకిరీకి. పాత టీవీ ప్రింటులో చూసినవారికి మొదటి పది నిమిషాల్లోనే తేడా కళ్లకు కడుతుంది.

అయితే పునరుద్ధరణ చేసినవారూ డిస్కు అమ్మేవారూ ఎప్పుడూ ఒకరే కాదు. ఒకే 4కే మాస్టరును అమెరికాలో ఒకరు, బ్రిటన్‌లో ఒకరు, ఫ్రాన్సులో మరొకరు లైసెన్సు తీసుకుని విడుదల చేస్తారు. అప్పుడు తేడా మిగిలేది ఎన్‌కోడింగ్‌లో (బొమ్మను డిస్కులో పట్టేలా కుదించే పనిలో), సబ్‌టైటిల్స్‌లో, అదనపు అంశాల్లో. పరిమిత సంఖ్యలో వచ్చే గట్టి అట్టపెట్టె ఎడిషన్‌లోనూ, తర్వాత వచ్చే మామూలు ఎడిషన్‌లోనూ తరచుగా ఉండేది అదే డిస్కు. ‘మూడు వేల కాపీలే’ అన్న మాట పెట్టె గురించి చెప్పింది, సినిమా గురించి కాదు. పుస్తకం చదివే అలవాటు లేనివారు ఆర్నెల్లు ఆగితే నష్టపోయేదేమీ ఉండదు.

కొనేముందు రీజియన్, అంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్‌లో తిరుగుతుందో చెప్పే గుర్తు, చూసుకోవడం తప్పనిసరి. బ్లూరేలో అమెరికాది ‘ఏ’, బ్రిటన్‌ది ‘బి’, మన దేశానిది ‘సి’. క్రైటీరియన్ బ్లూరేలు ‘ఏ’కి తాళం వేసి వస్తాయి, బ్రిటన్ కంపెనీల్లో చాలావరకు ‘బి’. ఇక్కడ కొన్న ప్లేయర్, ఇక్కడ కొన్న గేమ్ కన్సోల్ వాటిని వెనక్కి నెట్టేస్తాయి. 4కే డిస్కులకు రీజియన్ లేదు, కానీ అదే పెట్టెలో తోడొచ్చే బ్లూరేకి ఉంటుంది. అదనపు అంశాలన్నీ చాలాసార్లు ఆ బ్లూరేలోనే ఉంటాయి. డీవీడీలో మనది 5. కంప్యూటర్ డ్రైవు రీజియన్ మార్చుకోవడానికి ఐదు అవకాశాలే ఇస్తుంది, ఐదోసారి ఏది పెడితే అదే ఖాయం. ఇష్టమైన సినిమా ‘ఏ’లో ఒక కంపెనీ దగ్గర, ‘బి’లో ఇంకో కంపెనీ దగ్గర ఉంటే, పేరు కన్నా మన ప్లేయర్ ఏది చదువుతుందన్నదే ముందు తేల్చుకోవాలి.

పేరు లేని డిస్కును పరీక్షించడం

తెలుగు సినిమాకి వస్తే పేరు చూసి నమ్మగల కంపెనీ లేదు. వోల్గా, శ్రీ బాలాజీ లాంటి సంస్థలు వేలాది ఇళ్లకు సినిమా చేర్చాయి. మోజర్ బేర్ రంగంలోకి దిగి వీసీడీని 28 రూపాయలకూ, డీవీడీని 34 రూపాయలకూ అమ్మినప్పుడు దొంగ కాపీతో పోటీపడగల అసలు డిస్కు మొదటిసారి దొరికింది. కానీ ఒకే కంపెనీ నుంచి ఒక సినిమా అద్భుతంగా, పక్క సినిమా అధ్వానంగా రావడం మామూలు. కాబట్టి డిస్కునే చదవడం నేర్చుకోవాలి. ఇప్పుడు పాత స్టాకుగా, సెకండ్ హ్యాండ్‌గా దొరుకుతున్నవాటికి ఇది మరీ అవసరం.

ముందు డిస్కు తిప్పి అడుగు చూడాలి. ఫ్యాక్టరీలో అచ్చొత్తిన డిస్కు వెండి రంగులో ఉంటుంది. మధ్య రంధ్రం చుట్టూ అద్దంలాంటి పట్టీ మీద చెక్కిన నంబరు, బార్‌కోడు కనిపిస్తాయి. అడుగు ఊదా రంగులోనో, ఆకుపచ్చ నీలం ఛాయలోనో ఉంటే అది కంప్యూటర్‌లో రాసిన డిస్కు. అందులో సమాచారం నిలిచేది రంగుపూత మీద; ఎండకూ వేడికీ అది వెలిసిపోతుంది. అట్ట ఎంత అసలుదిలా ఉన్నా దీన్ని దాచుకునే సరుకుగా లెక్కేయకూడదు. వెండి అడుగులో లేత బంగారు ఛాయ కనిపిస్తే అది చాలావరకు రెండు పొరల డీవీడీ, 8.5 గిగాబైట్లది. స్వచ్ఛమైన వెండి అయితే ఒకే పొర, 4.7 గిగాబైట్లు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో లెక్క కడితే తెలుస్తుంది. గిగాబైట్లను 8,000తో గుణించి, నిడివి సెకన్లతో భాగిస్తే సెకనుకు ఎన్ని మెగాబిట్లో వస్తుంది. 165 నిమిషాల తెలుగు సినిమా అంటే 9,900 సెకన్లు. రెండు పొరల డీవీడీ మీద దానికి సుమారు 6.9 దక్కుతుంది, ఒకే పొర మీద 3.8. అదే రెండు పొరల డిస్కులో మూడు సినిమాలు, మొత్తం 450 నిమిషాలు కుక్కితే 2.5 మాత్రమే, శబ్దం కూడా అందులోంచే పోవాలి. హాలీవుడ్ వాళ్ల వంద నిమిషాల సినిమాకి సరిపోయే జాగా మన సినిమాకి చాలదు. తక్కువ బిట్‌రేట్ (సెకనుకు దక్కే ఆ మెగాబిట్లు) ముందుగా బయటపడేది కదలిక ఎక్కువున్న చోట: కెరటాలు, వాన, జాతరలో జనం, రంగులు చల్లే పాట. బొమ్మ చిన్న చిన్న గళ్లుగా విరుగుతుంది. సముద్రం నేపథ్యంగా ఉన్న సినిమాకి ‘మూడు సినిమాలు ఒకే డిస్కులో’ అనే బేరం ఎప్పటికీ పనికిరాదు. అదే సినిమా 50 గిగాబైట్ల బ్లూరేలో అయితే సెకనుకు 40 దాకా చోటుంటుంది, 25 గిగాబైట్లదాంట్లో 20. రెండూ చాలినంతే.

తర్వాతిది నిడివి. పాత డిస్కుల్లో పాటలు, హాస్య సన్నివేశాలు ఎగిరిపోవడం కొత్త కాదు. అట్ట మీద రాసిన నిమిషాలను నమ్మక్కర్లేదు. సినిమా మొదట్లో తెర మీద కనిపించే సెన్సారు సర్టిఫికెట్టును ఆపి చూడాలి. ఫిల్ము నాటి సినిమాలకు అందులో పొడవు మీటర్లలో ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 27.4 మీటర్లు నడుస్తుంది. 4,500 మీటర్లంటే 164 నిమిషాలు. డిస్కు 150 దగ్గర ఆగిపోతే కోత పడ్డట్టే. 157 చూపిస్తే మాత్రం తొందరపడకూడదు: మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో చేసిన డీవీడీ సెకనుకు 24 ఫ్రేముల సినిమాని 25తో నడుపుతుంది, నిడివి నూటికి నాలుగు వంతులు తగ్గుతుంది, ఏ సన్నివేశమూ పోదు. గొంతులు, పాటల శ్రుతి మాత్రం ఆ మేరకు కాస్త పైకి లేస్తాయి. రికార్డు విని పెరిగిన చెవికి అది తెలుస్తుంది. వీసీడీ లెక్క ఇంకా సులువు. ఒక్కో డిస్కులో 80 నిమిషాలకు మించి పట్టదు, కనుక 175 నిమిషాల సినిమా రెండే వీసీడీల్లో వచ్చిందంటే, పాల్ వేగం తగ్గింపు పోయినా, ఏదో పోయింది.

బొమ్మ వెడల్పు, ఎత్తుల కొలత విషయంలో మోసం ఎక్కువ, అదీ మంచి పేర్లతో. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’. అంతకుముందు వచ్చిన తెలుగు సినిమా ఏదైనా వెడల్పు టీవీని అంచుల దాకా నింపుతోందంటే పైనా కిందా కోసేశారన్నమాట. 1.37 నిష్పత్తిలో (వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లుగా) తీసిన బొమ్మను టీవీ కొలతకు కోస్తే ఎత్తులో 23 శాతం పోతుంది. స్కోప్ కొలతకు కోస్తే 42 శాతం. కిరీటాలు, పాదాలు, నాట్యంలో చేతివేళ్లు ముందుగా మాయమవుతాయి. ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపులో వచ్చి, 2010లో రంగులు వేసి, వెడల్పు కొలతకు మార్చి మళ్లీ విడుదలైంది. రంగులది వేరే ముచ్చట, దాన్ని ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. అసలు కూర్పు కావాలనుకునేవారు మాత్రం అట్ట మీద ‘రీమాస్టర్డ్’ అన్న మాటకు మురిసిపోకుండా పేర్లు పడే తెరను చూడాలి: అక్షరాలు అంచులకు ఒరుసుకుంటూ, పై వరస సగం తెగి కనిపిస్తే ఆ డిస్కు వదిలేయవచ్చు.

కదలికను చూడటానికి ఏదైనా వేగమైన పాట మధ్యలో ఆపి, ఒక్కో ఫ్రేమూ జరపాలి. ప్రతి కొన్ని ఫ్రేములకూ చేతులు జంటగా, నీడతో కనిపిస్తే పాల్ నుంచి అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్టీఎస్‌సీకో, అటునుంచి ఇటుకో మార్చిన మాస్టరు అది. విదేశాల్లోని తెలుగువారి కోసం ఎన్టీఎస్‌సీలో చేసినవాటిని ఇక్కడికి మార్చినప్పుడు, ఇక్కడివి అక్కడికి పంపినప్పుడు ఈ జబ్బు వస్తుంది. ఖరీదైన టీవీ దాన్ని దాచలేదు, ఇంకా బాగా చూపిస్తుంది. ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా, బట్టల నేత కనిపించకుండా ఉంటే మచ్చలతో పాటు ఫిల్ములో సహజంగా ఉండే సన్నటి రవ్వను, అంటే గ్రెయిన్‌నూ తుడిచేశారన్నమాట. ఈ దోషం పేరున్న విదేశీ స్టూడియోల డిస్కుల్లోనూ దండిగా ఉంది. మూలన వీడియో కంపెనీ గుర్తు సినిమా పొడవునా కాల్చిపెట్టి ఉంటే చేయగలిగిందేమీ లేదు. అదొక్కటే ప్రింటైతే దాంతోనే సర్దుకోవాలి. ఇక మోనోలో (ఒకే ఛానెల్ శబ్దంతో) రికార్డయిన పాత సినిమా అట్ట మీద, చుట్టూ స్పీకర్లలో వినిపించే ‘5.1 డీటీఎస్’ అని పెద్దక్షరాలుంటే అది ఆకర్షణ కాదు, హెచ్చరిక. కొత్తగా కలిపిన ఉరుములు, అడుగుల చప్పుడు కింద పాత నేపథ్య సంగీతం నలిగిపోయి ఉండవచ్చు. మెనూలో పాత మోనో ట్రాకు విడిగా ఉందేమో చూసుకోవాలి.

ఈ పరీక్షలన్నీ పెట్టి, అసంపూర్ణమైన డిస్కునే కొనవచ్చు. ఇష్టమైన సినిమాకి కోత లేని ఒకే పొర డీవీడీ, మూలన కంపెనీ గుర్తుతో, సబ్‌టైటిల్స్ లేకుండా ఉన్నా, ఎప్పుడూ తీయని 4కే పెట్టె కన్నా ఆ ఇంటికి విలువైనదే.

4కే విషయంలో ఒక లెక్క చాలు. మామూలు చూపున్న మనిషికి 43 అంగుళాల టీవీలో బ్లూరే చూపే వివరమంతా అందాలంటే దాదాపు ఐదున్నర అడుగుల్లో కూర్చోవాలి. 55 అంగుళాలకు ఏడడుగులు. మన హాళ్లలో సోఫా ఉండేది అంతకన్నా వెనక. ఆ దూరంలో 4కే ఇచ్చే అదనపు వివరం కంటికి చేరదు. హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి మధ్య తేడాను పెంచి చూపే పద్ధతి) వల్ల వెలుగునీడల్లో తేడా తెలియవచ్చు, అదీ టీవీకి ఆ వెలుగు ఉంటే. పైగా 2000ల నుంచి చాలా సినిమాలు 2కే (దాదాపు బ్లూరే అంత వివరం) స్థాయిలోనే తుది మెరుగు దిద్దుకున్నాయి. వాటి 4కే డిస్కు సాగదీసిన బొమ్మే. 35 ఎంఎం నెగెటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేసినవాటికి మాత్రం 4కే డిస్కు వచ్చే నల్ల పెట్టెకి పెట్టిన డబ్బు కొంత తిరిగొస్తుంది.

ఉప్పుగాలి ముందు ఏది నిలుస్తుంది

డిస్కులకు 20 నుంచి 50 శాతం తేమ మంచిదని నిపుణుల సూచన. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు 70 దాటే ఉంటుంది. ఈ గాలిలో ముందు పాడయ్యేది డిస్కు కాదు, దాని చుట్టూ ఉన్న కాగితం. గట్టి అట్టపెట్టె ఉబ్బుతుంది, వ్యాసాల పుస్తకం అంచులు అలలు తిరుగుతాయి, జిగురు విడుతుంది, వెండిపురుగు అచ్చు కాగితాన్ని గీకి తింటుంది. అంటే అదనపు ధర పెట్టి కొన్న భాగమే ముందు పోతుంది. వంద రూపాయల డీవీడీ ప్లాస్టిక్ డబ్బా అలాగే ఉంటుంది. పెట్టె కోసం కొనేవారు బీచ్ రోడ్డు వైపో, పెదవాల్తేరులోనో ఉంటే ఈ సంగతి ముందే లెక్కేసుకోవడం మంచిది.

అలమర బయటి గోడకు ఆనించకుండా కనీసం మూడు నాలుగు అంగుళాలు జరిపి పెట్టాలి, కిటికీకి ఎదురుగా పెట్టకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన ఊరిది, కింది అరలో విలువైనవి ఉంచడం మంచిది కాదు. అట్టపెట్టెలను జిప్ ఉన్న పాలిథిన్ సంచిలో సిలికా జెల్ పొట్లంతో పెట్టి, గింజల రంగు మారినప్పుడల్లా ఓవెన్‌లో ఎండబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. కలరా ఉండలు మాత్రం డిస్కుల దగ్గర వద్దు. పాత సీడీ డబ్బాలు పాలిస్టైరీన్‌తో చేసినవి, ఆ ఆవిరికి అవి మెత్తబడి జిగురెక్కుతాయి. డిస్కులను పడుకోబెట్టి దొంతరగా పేర్చితే వంగుతాయి, నిలబెట్టాలి.

బూజు పట్టిన డిస్కును పారేయనక్కర్లేదు. మంచినీటిలో ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రావకం కలిపి కడిగి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత సమాచారం నడిచే దారి వెంటే పడుతుంది, లోపాలు సరిదిద్దే ఏర్పాటు అంత పొడవైన ఖాళీని పూడ్చలేదు. అడ్డంగా పడ్డ గీతను అది సులువుగా దాటుతుంది. వీసీడీలకు పై ముఖం జాగ్రత్త: సమాచారపు పొర పేరు అచ్చేసిన వైపే, పలుచటి పూత కింద ఉంటుంది, పెన్నుతో రాసినా దెబ్బే. డీవీడీలో అది రెండు ప్లాస్టిక్ పలకల నడుమ భద్రంగా ఉంటుంది, వాటిని అతికిన జిగురు బాగున్నంతకాలం. హాలీవుడ్ స్టూడియో వార్నర్ 2006 నుంచి 2009 దాకా అచ్చొత్తించిన డీవీడీల్లో కొన్ని, ఎవరూ ముట్టుకోకపోయినా, లోపలే చెడిపోయాయని ఆ కంపెనీయే 2025లో ఒప్పుకుంది. పాత అసలు డిస్కులను ఏడాదికోసారైనా చివరి అరగంట నడిపి చూడాలి. రెండు పొరల డిస్కులో పొర మారే చోటు, అంటే సినిమా మధ్యభాగం కూడా. ముందుగా తడబడేవి ఆ రెండు చోట్లే.

డిస్కుల కన్నా ప్లేయర్ దిగులు పెద్దది. ఒప్పో 2018లో, శామ్‌సంగ్ 2019లో, ఎల్‌జీ 2024 చివర్లో బ్లూరే ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకున్నాయి. తీరం గాలికి ట్రే పట్టాలు తుప్పెక్కడం, లెన్సు మసకబారడం మామూలు. పది పదిహేను రోజులకోసారి ఒక గంట నడిపితే లోపలి వేడికి తేమ ఆరుతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన చల్లటి డిస్కును వెంటనే పెట్టకుండా పావుగంట ఆగాలి, లేకపోతే దాని మీద నీరు పడుతుంది. అన్ని రీజియన్లూ చదివే ప్లేయర్‌ను విదేశం నుంచి తెప్పించేటప్పుడు వెనక పలక మీద ‘100–240 వోల్టులు’ అని ఉందో లేదో ఫొటో అడిగి చూసుకోవాలి. ‘120’ అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టక తప్పదు. నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ముందు పోయేది దాని పవర్ బోర్డు, దానికి విడిభాగం ఇక్కడ దొరకడం కష్టం.